పోకర్ చేతికి బ్రేకులు: తిరుపతిలో ఏది పట్టుకుంటుంది, ఏది జారిపోతుంది

పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలన్న సామెతను పెద్దలు పేకాట బల్ల దగ్గర కూర్చుని చెప్పలేదు. కానీ ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకి ముందు గుర్తొచ్చేది అదే. రాత్రి పదకొండుకి రెండు వేలు పోతాయి, వాటిని వెతుక్కోడానికి పన్నెండుకి ఇంకో అయిదు వేలు వెళ్తాయి. ఆ గంటలో చేయి పట్టుకుని ఆపే పనిముట్లు ఏమున్నాయి, తిరుపతి, చిత్తూరు వైపు ఉన్న మనిషికి అవి ఎంతవరకు పనికొస్తాయి అన్నదే ఈ సమీక్ష. చూసినవి నాలుగు: ఫోన్లో వేసుకునే బెట్‌బ్లాకర్ యాప్, బ్యాంకు-యూపీఐ లిమిట్లు, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను 14416 టెలి మానస్, రుయా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీ.

అన్నిటికీ కొలబద్ద ఒక్కటే. ఆడాలని మనసు లాగినప్పటి నుంచి దుడ్లు చేయి దాటేదాకా ఇది ఎంతసేపు అడ్డం నిలబడుతుంది? రెండు నిమిషాలా, ఒక రాత్రా, ఒక వారమా? మనసు లాగడం అలలాగా వస్తుంది, పోతుంది. తెల్లారేదాకా అడ్డం నిలిచిన బ్రేకుకి మంచి మార్కులు, రెండు నిమిషాల్లో తీసేయగలిగినదానికి తక్కువ.

ముందు చట్టం సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే బ్రేకులు మనమే ఎందుకు వేసుకోవాలో అక్కడే తెలుస్తుంది. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. అప్పట్లో పెద్ద యాప్‌లు ఫోన్ లొకేషన్ చూసి మన రాష్ట్రం వాళ్లని ఆపేవి. చిత్తూరు జిల్లాకి ఒక పక్క తమిళనాడు, ఇంకో పక్క కర్ణాటక. లొకేషన్ చూసి వేసే తాళానికి ఇక్కడ ఎంత బలముంటుందో ఊహించుకోండి. తర్వాత కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదనతో పనిలేకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ అది ఒకే గాటన కట్టింది. నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడేవాళ్లకి ఆ చట్టంలో శిక్ష లేదు, రాష్ట్ర చట్టం మాత్రం ఆడేవాళ్లనీ వదలదు.

దేశంలోని పెద్ద కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. ఇంకా దొరుకుతున్నవి విదేశీ సైట్లు, టెలిగ్రామ్ లింకులు, ఏజెంటుకి డబ్బు కడితే చిప్స్ (ఆటలో డబ్బుకి బదులు వాడే బిళ్లలు) వేసే క్లబ్ యాప్‌లు. పాత యాప్‌లలో రోజు డిపాజిట్ లిమిట్, నన్ను ఆరు నెలలు లోపలికి రానివ్వకండి అని పెట్టుకునే మీట లాంటివన్నా ఉండేవి. వీటిలో ఆ మీట పెట్టాల్సిన అవసరం ఎవరికీ లేదు. గెలిచినా చిక్కే. ఏజెంట్లు డబ్బు పంపేది ఎవరెవరివో అద్దె ఖాతాల నుంచి. ఆ ఖాతా మీద ఎక్కడో సైబర్ కేసు నమోదైతే, డబ్బు అందుకున్న మీ ఖాతా కూడా స్తంభిస్తుంది. మూడు వేలు గెలిచి, జీతం పడే ఖాతాని పోగొట్టుకోవడమన్నమాట.

పోకర్ బుర్రతో ఆడే ఆట కదా, నేను లెక్క తెలిసి ఆడతానప్పా అనేవాళ్ల కోసం కొంచెం ఆగుదాం. నిజమే, బుర్ర ఉంది. ఆ బుర్రే చెప్పే లెక్క ఇది. ముక్కలు పంచి ఆడే ఒక్కో ఆటని చేయి అంటారు. చేతిలో రెండు ఏస్‌లు పడేది 221 చేతులకు ఒకసారి. అవతలివాడి దగ్గర రెండు కింగ్‌లుండి, ఇద్దరూ ఫ్లాప్‌కి, అంటే బల్ల మీద మొదటి మూడు ముక్కలు తెరవడానికి, ముందే ఉన్నదంతా తోసేస్తే ఏస్‌లు గెలిచేది సుమారు నూటికి 82 సార్లు. అంటే ఏ తప్పూ చేయనివాడు కూడా అయిదారు సార్లలో ఒకసారి మొత్తం పోగొట్టుకుంటాడు. ఫ్లాప్ మీద ఫ్లష్‌కి (ఒకే గుర్తు ముక్కలు అయిదు) ఒక్క ముక్క తక్కువగా ఉంటే, చివరి ముక్క పడేలోపు అది కుదిరేది నూటికి 35 సార్లు. మూడింట రెండుసార్లు కుదరదు. అందుకే ఆట బాగా తెలిసినవాళ్లు ఒక బల్లకి కనీసం 20 నుంచి 30 బై-ఇన్‌లు (బల్ల దగ్గర కూర్చోడానికి ఒకసారి పెట్టే మొత్తం) విడిగా పెట్టుకుని కూర్చోవాలంటారు. రెండు వందల బల్లకి నాలుగు నుంచి ఆరు వేలు. అదీ మొత్తం పోయినా ఇంటి అద్దె, పాలవాడి బాకీ కదలని డబ్బు. ఆరు వేలు జీతంలోంచి తీసి పెట్టాల్సి వస్తే అక్కడితో లెక్క ముగిసింది.

ఇంకో లెక్క రేక్‌ది, అంటే బల్ల నడిపేవాడు ప్రతి చేతిలోంచి తీసుకునే కోతది. ఆరుగురు తలా రెండొందలతో కూర్చుంటే బల్ల మీద 1,200. ఆన్‌లైన్‌లో ఒక బల్ల గంటకి 60 నుంచి 80 చేతులు తిరుగుతుంది, 70 అనుకుందాం. సగటు పాట్ (ఒక చేతిలో అందరూ పెట్టిన మొత్తం) 30 రూపాయలు, అందులో రేక్ 5 శాతం అనుకుంటే ఒక్కో చేతికి రూపాయిన్నర, గంటకి 105. ఆరుగురూ సమానంగా ఆడితే పదకొండున్నర గంటలకి బల్ల మీద ఎవరి దగ్గరా ఏమీ మిగలదు, అంతా నడిపేవాడి జేబులోకి పోయుంటుంది. ఎవడు గెలిచాడన్న ప్రశ్నకి జవాబు బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో లేదు.

టిల్ట్, అంటే ఓడిన ఉడుకులో అదుపు తప్పి ఆడటం, అనే మాట ఆడేవాళ్లందరికీ తెలుసు. ఏస్‌లు ఓడిన తర్వాతి ఇరవై నిమిషాలు ఆడేది మనిషి కాదు, ఉడుకు. బ్రేకు పనిచేయాల్సింది ఆ ఇరవై నిమిషాల్లోనే.

ఇక పనిముట్ల సంగతి. బెట్‌బ్లాకర్‌తో మొదలుపెడదాం. బ్రిటన్‌లోని ఒక చారిటీ నడిపే ఉచిత యాప్. ఖాతా తెరవక్కర్లేదు. ఎంతకాలం మూసేయాలో ఎంచుకోవాలి, 24 గంటల నుంచి అయిదేళ్ల దాకా. ఒకసారి నొక్కాక గడువు తీరేదాకా వెనక్కి తీసుకునే మీట లేదు, దీని గొప్పదనమంతా అందులోనే ఉంది. నేరుగా ఏడాది పెట్టేయకండి. మొదట 24 గంటలు పెట్టి, మీ బ్యాంకు యాప్, ఆఫీసు యాప్ సరిగ్గా తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. బ్లాకర్లు కొన్ని వీపీఎన్ (ఫోన్ ఇంటర్నెట్‌ని ఇంకో దారిలో తిప్పే పద్ధతి) మీద పనిచేస్తాయి, అది నడుస్తుంటే తెరుచుకోని బ్యాంకు యాప్‌లు కొన్ని ఉంటాయి. అంతా బాగుంటే అప్పుడు పొడిగించండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడిగే అనుమతులన్నీ ఇవ్వాలి, ఒకటి వదిలేసినా తలుపు సగమే మూసినట్టు.

జారిపోయే చోట్లు చెప్పాలిగా. ఆండ్రాయిడ్‌లో ఒకసారికి ఒకే వీపీఎన్ నడుస్తుంది. వీపీఎన్ దారిలో పనిచేసే ఏ బ్లాకరైనా ఇంకో వీపీఎన్ వేస్తే పక్కకి తప్పుకుంటుంది. బ్లాక్ చేసే జాబితా ఎంత పెద్దదైనా, ఈ వారం కొత్త పేరుతో పుట్టిన సైటు అందులో ఉండదు. టెలిగ్రామ్‌ని అది ఆపదు. ఇంట్లో ఇంకో ఫోన్ ఉంటే కథ మొదటికే. కాబట్టి దీనికి తోడు ఫోన్ సెట్టింగుల్లో ఇంకో పని చేయాలి. తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి అని ఒకటుంటుంది, అందులో క్రోమ్, టెలిగ్రామ్, వాట్సాప్ మూడిటికీ ఆపేయండి. ఏజెంటు పంపే ఫైలు అప్పుడు నేరుగా ఎక్కదు. ఆ గ్రూపుల్లోంచి బయటికి రావడం చెప్పక్కర్లేదు, అయినా చాలామంది మ్యూట్ చేసి ఊరుకుంటారు. మ్యూట్ చేసిన గ్రూపు దొడ్డిదారి లాంటిది, తలుపు తెరిచే ఉంటుంది. మొత్తం మీద దీనికి అయిదుకు మూడు. ఉచితం కాబట్టి అరమార్కు కలుపుకోవచ్చు, కానీ ఒంటరిగా దీన్నే నమ్ముకుంటే రెండే.

అసలు సరుకు బ్యాంకులో ఉంది. ఇక్కడే ఎక్కువ మంది తప్పు పనిముట్టు ఎంచుకుంటారు కూడా.

మొట్టమొదట యూపీఐ లైట్ ఆపేయండి. దానికి పిన్ అడగదు. అయిదు వేల దాకా అందులో ఉంచుకోవచ్చు, ఒక్కోసారి వెయ్యి దాకా పంపొచ్చు. పాల ప్యాకెట్టుకి, ఆటోకి మంచి సౌకర్యం. రాత్రి పన్నెండుకి అదే సౌకర్యం వెయ్యి చొప్పున అయిదు సార్లు జారిపోతుంది. పైగా బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ అయిదు సార్లు కనబడవు, లైట్‌లోకి డబ్బు వేసిన లైను మాత్రమే ఉంటుంది. ఇంట్లోవాళ్లు స్టేట్‌మెంట్ చూసినా ఏమీ అర్థంకాదు. పిన్ కొట్టేటప్పుడు ఆగే ఆ నాలుగు సెకన్లు చిన్నవే, కానీ ఉండటం మంచిది.

రోజు లిమిట్ తగ్గించుకోవడం రెండోది. చాలా బ్యాంకుల యాప్‌లలో యూపీఐ లిమిట్ వెయ్యికో, రెండు వేలకో దించుకోవచ్చు. డెబిట్ కార్డుకి ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం ఆపేసే మీటలు రిజర్వు బ్యాంకు ఆదేశంతో 2020 నుంచి అన్ని బ్యాంకులూ ఇస్తున్నాయి. విదేశీ సైట్లకి కార్డుతో కట్టకుండా ఆ రెండో మీట బాగా పనిచేస్తుంది. లోపం మాత్రం పెద్దది. దించిన చెయ్యే మళ్లీ ఎక్కించగలదు, రెండు నిమిషాల పని. అయిదుకు రెండు.

రెండు ఖాతాల పద్ధతి దీనికంటే మేలు. జీతం పడే ఖాతాకి యూపీఐ తీసేయాలి. వారానికి ఒకసారి, సోమవారం పొద్దున్నే అనుకుందాం, రెండో ఖాతాకి 1,500 తనంతట తానే వెళ్లేలా బ్యాంకులో ఆదేశం ఇవ్వాలి. ఫోన్లో యూపీఐ ఆ రెండో ఖాతాకే. కూరగాయలు, పెట్రోలు, టీ అన్నీ దాన్లోంచే. పోతే ఆ వారం 1,500 పోతుంది, ఇల్లు పోదు. ఇక్కడ అందరూ మరిచిపోయే కన్నం ఒకటుంది. జీతం ఖాతా కార్డుని భార్య బీరువాలో పెట్టినంత మాత్రాన సరిపోదు, ఎందుకంటే కార్డు లేకుండా ఆధార్ ఓటీపీతో కూడా యూపీఐ పిన్ పెట్టుకోవచ్చు. తీసేసిన యూపీఐ అలా అయిదు నిమిషాల్లో తిరిగొస్తుంది. అందుకని మూడు మార్కులు.

ఈ కన్నాన్ని నిజంగా మూసేది ఉమ్మడి ఖాతా, అదీ ఇద్దరూ కలిసి సంతకం పెట్టాల్సిన రకం. ఫారంలో రెండు రకాలుంటాయి. ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ అంటే ఎవరో ఒకరి సంతకం చాలు. ‘జాయింట్లీ’ అంటే ఇద్దరిదీ కావాలి. కౌంటర్లో మామూలుగా మొదటిదే టిక్ చేసేస్తారు, అందరూ అడిగేది అదే కాబట్టి. పట్టుబట్టి రెండోది పెట్టించుకోవాలి. ఆ రకం ఖాతాకి యూపీఐ పనిచేయదు, ఏటీఎం కార్డు కూడా సాధారణంగా ఇవ్వరు. డబ్బు తీయాలంటే ఇద్దరి సంతకాలతో చెక్కు, బ్యాంకు తెరిచి ఉన్న వేళ. శనివారం రాత్రి ఉడుకెక్కితే సోమవారం దాకా ఆగాల్సిందే. అయిదుకు నాలుగున్నర, ఈ సమీక్షలో ఇదే పైమెట్టు. మిగిలిన అరమార్కు ఎందుకు తగ్గిందంటే, రెండో సంతకం ఎవరిదన్న దాని మీద అంతా ఆధారపడి ఉంది. కలిసి ఆడే స్నేహితుడిది అయితే రెండు సంతకాలూ ఒకే రాత్రి పడతాయి. భార్య, తండ్రి, అక్క, ఎవరైనా సరే ఆటతో సంబంధం లేనివాళ్లయి ఉండాలి. ఆ రెండో మనిషికీ ఒక మాట. టీ డబ్బుల కోసం కూడా చేయి చాపించకండి. వారం ఖర్చుకి ఇచ్చేది ఇచ్చేసి, లెక్క అడగడం నెలకోసారి పెట్టుకోండి. రోజూ అడిగితే దాచడం నేర్చుకుంటారు.

మిగిలే డబ్బుకి పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ చక్కటి చోటు. నెలకి వంద రూపాయల నుంచి మొదలు, అయిదేళ్ల గడువు, మూడేళ్లు నిండితే గాని ముందుగా మూసుకోనివ్వరు. యాప్‌లో వేసే ఫిక్సెడ్ డిపాజిట్ అలా కాదు. వేసిన వేలితోనే పగలగొట్టొచ్చు, అది బ్రేకు కాదు.

అప్పు దారిని మరిచిపోతే పైన చెప్పినవన్నీ వృథా. ఖాతాలో డబ్బు లేకపోతే బంగారం కుదవకి పోతుంది, ఆ తర్వాత మూడు రూపాయల వడ్డీ. యాభై వేలకి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకి 1,500, ఏడాదికి 18,000, అసలు అలాగే ఉంటుంది. లాకరుని కూడా ఇద్దరూ కలిసి వస్తేనే తెరిచేలా పెట్టుకోవచ్చు, బ్యాంకులో అడగండి. లోన్ యాప్‌ల అప్పులు ఇంట్లోవాళ్లకి తెలిసే దారి క్రెడిట్ రిపోర్టు. దేశంలో ఈ రిపోర్టులిచ్చే సంస్థలు నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కోటి ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకి ఒకదాని దగ్గర తీసుకుంటే పైసా ఖర్చు లేకుండా ఏడాదంతా కన్నేసి ఉంచినట్టే. ఆ మనిషి ఒప్పుకుని, పక్కన కూర్చుని తీయాలి, దొంగచాటుగా కాదు. రిజిస్టరు కాని యాప్‌ల అప్పులు, ఊరి వడ్డీలు అందులో కనబడవు. లోన్ యాప్ వాళ్లు ఫొటోలు పంపుతామని బెదిరిస్తే ఇంకో యాప్‌లో అప్పు తీసి కట్టకండి, సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

14416 సంగతి. టెలి మానస్ 2022 అక్టోబరు 10న మొదలైంది, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ దానికి పెద్ద దిక్కు. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడొచ్చు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే డాక్టరుకి కలుపుతారు, దగ్గరి ఆసుపత్రి చెబుతారు. మన కొలబద్ద ప్రకారం దీని విలువ ఒక్క చోట ఉంది: అర్ధరాత్రి. ఓడిన ఆ ఇరవై నిమిషాలూ ఫోన్లో మాట్లాడుతూ ఉంటే ఆ చేత్తో డబ్బు కట్టడం కుదరదు. ఆడేవాళ్లే కాదు, ఇంట్లోవాళ్లూ చేయొచ్చు. చేసేటప్పుడు నసగకుండా నాలుగు ముక్కలు చెప్పండి: ఎన్ని నెలలుగా, ఎంత పోయింది, నిద్ర ఎలా ఉంది, బతకాలనిపించట్లేదన్న ఆలోచన వస్తోందా. చివరిది ఉంటే దాంతోనే మొదలుపెట్టండి. జూదం కోసమే పెట్టిన లైను కాదిది, అప్పులు తీర్చే దారి వాళ్ల దగ్గర ఉండదు. ఆ ఆశ పెట్టుకోకుండా చేస్తే నాలుగు మార్కులు ఇవ్వొచ్చు.

ఫోన్‌తో సరిపోతుందా, ఆసుపత్రికి వెళ్లాలా అన్నది తేల్చుకోడానికి డాక్టర్లు వాడే తొమ్మిది ప్రశ్నల కొలత ఒకటుంది, పేరు పీజీఎస్ఐ. గడిచిన పన్నెండు నెలల గురించి అడుగుతుంది. పోయే స్తోమతకి మించి ఆడారా, పోయినవి రాబట్టాలని మర్నాడు వెళ్లారా, ఆట కోసం అప్పు చేశారా, ఏదైనా అమ్మారా, ఇలాంటివి. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. మొత్తం ఎనిమిది దాటినా, ఎనిమిదే వచ్చినా ఆసుపత్రి మెట్లెక్కాలి. మూడు నుంచి ఏడు మధ్యలో ఉంటే పైన చెప్పిన ఖాతా పని ఈ వారమే చేసుకోవాలి.

తిరుపతిలో ఆ మెట్లు రుయావి. ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రి, అందులో సైకియాట్రీ విభాగం ఉంది. చిత్తూరు, శ్రీకాళహస్తి, పుత్తూరు నుంచి వచ్చేవాళ్లు పొద్దున్నే చేరుకుంటే మంచిది, ఓపీ చీటీ దగ్గర వరుస ఉంటుంది. సైకియాట్రీ అని రాయించుకోడానికి మొహమాటపడి జనరల్ మెడిసిన్‌కి రాయించుకుంటే పూట గడిచిపోతుంది, నిద్రమాత్రతో ఇంటికొస్తారు. జూదం వ్యసనం జబ్బుల జాబితాలో ఉన్నదే, తాగుడు పక్కనే దాని చోటు. దీనికంటూ ప్రత్యేకంగా ఆమోదం పొందిన మాత్ర ఏదీ లేదు, వైద్యం ఎక్కువగా మాటలతోనే. ఏ వేళలో, ఏ మాటకి, ఏ కోపానికి మనసు అటు లాగుతోందో గుర్తుపట్టడం, ఆ వేళని వేరే పనితో నింపడం. పక్కన దిగులు జబ్బో, తాగుడో ఉంటే దానికి మందులిస్తారు. ఒక్కసారితో అయ్యేది కాదు, నాలుగైదు సార్లు తిరగాలి. ఆ తిరుగుడుకి అరమార్కు తగ్గిస్తే ఇదీ నాలుగే.

చాలామందికి తెలియని కోణం ఒకటి. ఇంట్లో పెద్దాయన, ఏనాడూ ముక్క ముట్టనివాడు, ఉన్నట్టుండి ఫోన్లో పందేలు మొదలుపెట్టాడంటే ఆయన మందుల డబ్బా తీసి చూడండి. పార్కిన్సన్స్‌కి, రాత్రిళ్లు కాళ్లు లాగే జబ్బుకి ఇచ్చే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు కొందరిలో జూదం మీద ఆపుకోలేని కోరిక పుట్టిస్తాయి. మీరే ఆపేయకండి, రాసిన డాక్టరుకి చెబితే మోతాదు తగ్గిస్తారు, లేదా మారుస్తారు.

పోకర్ ఆటనే ఇష్టపడేవాళ్లుంటారు, డబ్బుని కాదు. వాళ్లకి ప్లాస్టిక్ చిప్స్ పెట్టె చాలు. ఆరుగురికి తలా 1,500 చిప్స్, బ్లైండ్లు (ముక్కలు పంచేముందు ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు) 10-20తో మొదలుపెట్టి ఇరవై నిమిషాలకోసారి పెంచితే రెండున్నర, మూడు గంటల్లో ఆట తేలిపోతుంది. పోయినవాడు మళ్లీ కొనుక్కోవడం ఉండకూడదు, పోతే లేచి అందరికీ టీ పెట్టాలి. పీజీఎస్ఐలో ఎనిమిది, ఆపైన మార్కులొచ్చినవాళ్లకి మాత్రం ఇదీ వద్దు, కొన్నాళ్లు ముక్కల శబ్దం వినకపోవడమే మేలు.

రుయాకి వెళ్లేవాళ్లు ఆధార్, పాత మందుల చీటీలతో పాటు ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి పట్టుకెళ్లండి. ఆటకి పోయిన లైన్ల కింద పెన్నుతో గీత గీసి, పక్కన వేళ రాసి ఉంటే ఇంకా మంచిది. నోటితో చెప్పేటప్పుడు అందరూ సగమే చెబుతారు, మిగతా సగం ఆ కాగితం చెబుతుంది.